డాక్టరు గారి పచ్చకారు

దయ్యాలున్నాయా అని ఎవరైనా నన్నడిగితే, ముందు బ్యాటరీ చూసుకోమంటాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పాత కార్ల పని చేస్తున్నవాణ్ణి. దానంతటదే హారన్ మోగిందని, శ్మశానం దగ్గరికి రాగానే ఇంజను ఆగిపోయిందని ఎంతమంది నా షెడ్డుకి బిక్కమొహాలేసుకుని వచ్చారో లెక్కలేదు. ఒకదానికి వైరు ఒరిసిపోయి ఉండేది. ఇంకోదానికి పెట్రోలు పైపులో చెత్త. దయ్యం మాత్రం ఏ బానెట్ కిందా కనబడలేదు.

కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించమని మా ఆవిడంటే, "ఆ నిమ్మకాయలేవో పులిహోరలో పిండవే, పుణ్యముంటుంది" అనే రకాన్ని నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయేది విని మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మీ చోట నేనున్నా నవ్వేవాణ్ణే.

ఇది మా అక్క గురించి, ఒక కారు గురించి. కారు అరవైల నాటిది, ఇంగ్లండులో తయారైనది. రెండే సీట్లు, పొడుగు ముక్కు, నేలని రాసుకుంటూ పోతున్నట్టుండే స్పోర్ట్స్ కారు. కంపెనీ పేరు చెప్పను. అలాంటిది మా చుట్టుపక్కల ఒక్కటే ఉంది. పేరు చెబితే మా ఇంటి చిరునామా చెప్పినట్టే.

మా అక్క పేరు అన్నపూర్ణ. నాకంటే పదేళ్ళు పెద్దది. అమ్మకి ఎప్పుడూ ఆయాసం, అందుకని నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. పెళ్ళి చేసుకోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసి రిటైరైంది. గుణదలలో మా ఇంట్లో, మాతోనే ఉంటుంది. నాకు అరవై దగ్గర పడుతున్నా ఆవిడ నోట్లో నేనింకా చంటిగాణ్ణే.

మా సొంతూరు కంకిపాడు దగ్గర, కాలవ గట్టున. నాన్న అక్కడ ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరు. డాక్టరు గారు ఒంటరి మనిషి, షోకు మనిషి. మద్రాసులో ఎవరో దొర స్వదేశం వెళ్ళిపోతూ అమ్మేస్తే ఆ కారు కొనుక్కొచ్చుకున్నారట. ఎడ్లబళ్ళు తప్ప ఏమీ తిరగని గట్ల మీద ఆ కారేసుకుని ఇళ్ళకెళ్ళి వైద్యం చేసేవారు.

ఆయన నడిపేవారు. పక్క సీట్లో నాన్న. ఇద్దరి మధ్యా మందుల పెట్టె, దాని మీద మా అక్క. పైనుండే గుడ్డ టాపు ఎప్పుడో చిరిగిపోయింది. వానొస్తే నాన్న గొడుగు తెరిచి డాక్టరు గారి నెత్తిమీద పట్టేవాడట. గొడుగేసుకుని పరిగెత్తే కారు! జబ్బు తగ్గినవాళ్ళు ప్రేమగా ఇచ్చిన అరటిగెల వెనకాల కట్టుకుని సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళు.

జనం దాన్ని పచ్చకారు అనేవారు. "పచ్చకార్లో వస్తాడు, పచ్చకామెర్లు పట్టుకుపోతాడు" అని డాక్టరు గారి మీద ఊళ్ళో ఒక వేళాకోళం మాట కూడా ఉండేదట. అక్క నాకు గోరుముద్దలు తినిపిస్తూ చెప్పిన కథలన్నీ ఆ కారువే. రాజులూ రాక్షసులూ నాకు తెలీదు. "పచ్చకారు కథ చెప్పక్కా" అంటే చాలు, పప్పన్నం గిన్నె ఖాళీ అయ్యేదాకా చెప్పేది.

నేను మాత్రం ఆ కారుని ఎరగను. నేను నెలల పిల్లాడిగా ఉండగానే డాక్టరు గారు ఊరొదిలి వెళ్ళిపోయారు, కారు ఎవరికో అమ్మేశారు. అంతకు ముందే అక్కకి మాటిచ్చారట, వచ్చే ఆదివారం కూచిపూడి తీసుకెళ్ళి ఆట చూపిస్తానని. ఆదివారం రాకముందే కారు వెళ్ళిపోయింది. కొన్నవాళ్ళు తోలుకుపోతుంటే అక్క కాలవ వంతెన దాకా దాని వెనకాల పరిగెత్తింది. మిగతా కథంతా నవ్వుతూ చెప్పే మనిషి, ఇక్కడికొచ్చేసరికి మాత్రం గొంతు మార్చుకునేది.

కొన్నేళ్ళ కిందట ఉయ్యూరు దగ్గర ఒక పాత రైసుమిల్లు పడగొడుతున్నారని, పాత ఇనుముంది చూసుకోమని కబురొస్తే వెళ్ళాను. ఊకగుట్ట వెనకాల గోనెపట్టాల కింద ఆ కారుంది. టైర్లు మట్టిలో కలిసిపోయాయి. సీట్లు ఎలుకలు తినేశాయి. ఇలాంటి ఆకారం మన వైపు ఎక్కడిదా అని వంగి చూస్తూ, డాష్‌బోర్డు చెక్క మీద దుమ్ము చేత్తో తుడిచాను.

ఎడంవైపు "అన్న" అని గీకి ఉంది.

అక్క కథల్లో అదీ ఒకటి. తలపిన్నుతో తన పేరు చెక్కుతుంటే సగంలో నాన్న చూసి వీపు మీద ఒక్కటిచ్చాడు. "పూర్ణ" రాసేలోపు దెబ్బ పడింది. ఆ రెండక్షరాల మీద వేలు పెట్టి, నేను ఆ ఊకలోనే కూలబడి ఏడ్చాను. మిల్లాయన పాపం కంగారుపడి, ఎవరైనా పోయారాండీ అని మంచినీళ్ళు తెప్పించాడు.

అప్పటికే అక్కకి కళ్ళ జబ్బు ముదిరింది. నీటికాసులు అన్నారు, అదే గ్లకోమా. కుడికన్ను పోయింది. ఎడమకంట్లో కొంచెం చూపు, అదీ గొట్టంలోంచి చూసినట్టు. ఉన్నదాన్ని కొన్నాళ్ళు కాపాడగలం గాని పోయింది రాదని కంటి డాక్టరు తేల్చి చెప్పేశాడు. దాంతో నాకొక పంతం పట్టుకుంది. ఆ కాస్త వెలుగూ పోయేలోపు కారుని మళ్ళీ అప్పట్లా చేసి అక్క కళ్ళ ముందు నిలబెట్టాలి. ముందుగా చెప్పకూడదు. చూసి నోరెళ్ళబెట్టాలి. నాకు గోరుముద్దలు పెట్టిన మనిషికి నేనివ్వగలిగింది అదొక్కటే అనిపించింది.

అది అనుకున్నంత తేలిక కాలేదు. ఇంజను బిగుసుకుపోయింది. డీజిలు పోసి నానబెట్టి, రోజూ కాస్త కాస్త కదిపితే ఎప్పటికో తిరిగింది. నట్లన్నీ అంగుళాల లెక్కవి, మన స్పానర్లు పట్టవు. అడుగురేకు మొత్తం తుప్పు, కోసేసి కొత్తది వెల్డింగ్ చేశాను. రెండు కార్బొరేటర్లూ ఒకే రకంగా గాలి పీల్చాలి, దానికి రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస దీనికీ దానికీ మార్చి మార్చి పెట్టి, రెండూ ఒకే శ్రుతిలో బుసకొట్టేదాకా తిప్పుతూ కూర్చోవాలి. పొద్దున్నే వెళ్తే భోజనం సంగతి గుర్తుండేది కాదు. "పెళ్ళైన కొత్తలో నన్నే ఇంత చూసుకోలేదు ఈయన" అని మా ఆవిడ అక్క దగ్గర సణిగేది. ఏదో బేరం బండి అని అక్కకి అబద్ధం చెప్పేవాణ్ణి.

చివరికి రంగు దగ్గరకొచ్చింది. మిల్లాయన తండ్రి ఎప్పుడో రేకుదాకా గీకించి తెల్లరంగు వేయించాడట. అసలు రంగు ఎక్కడైనా మిగిలిందేమోనని డాష్‌బోర్డు వెనకా డిక్కీ మూలల్లోనూ వెతికాను. తుప్పు తప్ప ఏమీ లేదు. ఊరికెళ్ళి పెద్దవాళ్ళని అడిగితే, "డాక్టరు గారిది పచ్చకారు గదండీ" అన్నారందరూ. పోనీ అని ఒకరోజు అక్కనే మాటల్లో పెట్టి అడిగాను.

"పచ్చకారు ఏ రంగంటావేంట్రా, మతిపోయిందా? పచ్చ!" అని కసురుకుంది.

రంగులేసే ఖలీల్ భాయ్‌ది మా పక్క షెడ్డే. చిన్నప్పట్నుంచీ స్నేహితుడు. రంగుల అట్ట ముందు పెట్టి, "ఏ పచ్చ అన్నా? చిలకపచ్చా, ముదురాకా?" అన్నాడు. "పచ్చంటే పచ్చే భాయ్, దానికిన్ని యక్షప్రశ్నలేంటి?" అని, ఇంగ్లీషు కార్లకి అందంగా ఉంటుందని ముదురాకుపచ్చ మీద వేలు పెట్టాను. భాయ్ చెయ్యి మంచి చెయ్యి. రంగు ఆరాక కారు వాన వెలిసిన అరటాకులా నిగనిగలాడింది.

కారు తయారైన ఆ వారంలోనే, ఒక పొద్దున్న అక్క వరండాలో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని, "చంటీ, కరెంటు పోయిందిరా?" అంది.

ఎండ ఆవిడ ఒళ్ళో పడుతోంది.

ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు టార్చి వేసి చూశాడు. వెలుగొచ్చిందీ లేనిదీ కూడా తెలియట్లేదన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను షెడ్డు వైపే పోలేదు. కారుని చూస్తే ఒళ్ళు మండేది. ఎవరిమీద కోపమో తెలీని కోపం. కాస్త ముందుగా ఇంగ్లండు నుంచి ఆ విడిభాగాల పార్సిల్ వచ్చుంటే, కాస్త ముందుగా ఆ ఇంజను తిరిగుంటే అని ఒకటే రంధి. చివరికి మా ఆవిడే కేకలేసింది. "చూడలేకపోతే ఎక్కలేరా ఏంటి? కూచిపూడి తీసుకెళ్తానని ఆ డాక్టరు గారు మాటిచ్చి పోయారుగా. మీరన్నా తీసుకెళ్ళండి."

ఆదివారం పొద్దున్న తీసుకెళ్ళాను. మబ్బు పట్టి ఉంది, ఎండ పొడ లేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది. అక్క తెల్ల వెంకటగిరి చీర కట్టుకుంది. "ఏ రంగు కట్టినా నాకొకటే, ఆ తెల్లదివ్వు" అందట మా ఆవిడతో. కారు దగ్గరికి నడిపించి, తలుపు మీద చెయ్యి పెట్టించి, ఇదేంటో చెప్పమన్నాను. తడుముకుంటూ లోపల కూర్చుంది. వేళ్ళు డాష్‌బోర్డు మీద పాకి, ఆ గీతల దగ్గర ఆగిపోయాయి.

తర్వాత పకపకా నవ్వింది. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఇంకా 'అన్న' దగ్గరే ఉందేంట్రా ఇది!" నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

బందరు రోడ్డెక్కాం. దారి పొడుగునా కబుర్లే. ఇక్కడ చింతతోపుండేది, ఇక్కడ నాన్న గొడుగు గాలికి ఎగిరిపోతే డాక్టరు గారు కారాపి కాలవలో దిగారు అంటూ. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లూ ఫంక్షన్ హాళ్ళూ ఉన్నాయని నేను చెప్పలేదు. కంకిపాడు దాటాక పెద్దరోడ్డు వదిలి మా ఊరి గట్టు మీదకి తిప్పాను. ఆ వంతెన దగ్గరికొచ్చాం. చిన్నప్పుడు ఆవిడ పరిగెత్తుకొచ్చి ఆగిపోయిన వంతెన. పేరు చెప్పకపోయినా, నీళ్ళ చప్పుడుకో ఏమో, అక్క మాట ఆపేసింది.

వంతెన దిగుతుండగా అంది.

"ఒరేయ్ చంటీ, ఎడం లైటు పక్కన ఆ తెల్లమచ్చ ఏంట్రా? కొంగ రెట్టేసినట్టుంది. లక్షణమైన కారు మీద అదేం ఖర్మ, దిగి తుడువు."

"తుడుస్తాలే అక్కా" అన్నాను ఏదో ధ్యాసలో. ఆ మాట అప్పుడు బుర్రకెక్కింది. బ్రేకు తొక్కాను.

దిగి చూస్తే ఎడం లైటు పక్కన కొంగ రెట్ట. తడి ఆరలేదు. నేను కూర్చున్న చోటి నుంచి అది కనబడదు. బానెట్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది, అడ్డమొస్తుంది. బయల్దేరేటప్పుడు నేను స్వయంగా తుడిచిన బండి, అప్పుడు లేదు. అక్క ఎదురుగా నిలబడి వేళ్ళు చూపించాను.

"ఇవెన్ని అక్కా?"

"ఏవిరా?"

"నేను కనబడుతున్నానా?"

"నువ్వు లేవు. నా చెయ్యి కూడా లేదు. అంతా చీకటే. కారొక్కటే కనబడుతోందిరా." నెమ్మదిగా, భయపడినట్టు కాకుండా, నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపకుండా మాట్లాడినట్టు చెప్పింది. "అబ్బ, అదే పచ్చ. చామంతిపువ్వులాగా. ఏం తెచ్చావురా, అచ్చం అదే."

"చామంతేంటక్కా, ఇది ఆకుపచ్చ."

"ఆకుపచ్చేంటి నీ మొహం! గుడ్డులో పచ్చసొనలా ఎదురుగా మెరుస్తుంటే. డాక్టరు గారి కారు పసుపుపచ్చరా. ఆకుపచ్చని ఏ వెధవ చెప్పాడు నీకు?"

ఏ వెధవా చెప్పలేదు. అందరూ పచ్చ అనే చెప్పారు. అక్కా పచ్చ అనే చెప్పింది. పచ్చకామెర్ల మాట చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. కామెర్లెక్కడైనా ఆకుపచ్చగా ఉంటాయా! తెలుగులో పుట్టి తెలుగులో పెరిగి, ఆ పచ్చ ఏ పచ్చో ఒక్కసారి నిలదీసి అడగాలని నాకు తట్టలేదు. అన్నేళ్ళ చాకిరీ చేసి, కారుకి వేరే రంగేసి కూర్చున్నాను.

వచ్చి సీట్లో కూర్చున్నాను. అక్క వైపు చూశాను. తలుపు పైఅంచు మీద మోచెయ్యి ఆనించి ఉంది. ముదురు రంగు కారు పక్కన తెల్లబట్టలు కట్టుకుంటే ఆ రంగు నీడ బట్టల మీద పడుతుంది. ఆకుపచ్చ కారుకి ఆకుపచ్చ నీడ. ఇది నేను రోజూ షెడ్డులో చూసేదే. అక్క తెల్ల చీర మీద, మోచెయ్యి కింద, చెంప పక్కన, పసుపు నీడ పడుతోంది. పెళ్ళికూతురికి పసుపు రాసినట్టుంది. తలుపు వైపు చూశాను, ఆకుపచ్చ. చీర వైపు చూశాను, పసుపు. ఎండ లేదని ముందే చెప్పాను. చుట్టూ వరిచేలు, కాలవ నీళ్ళు. పసుపన్నది ఎక్కడా లేదు.

కారు కదిలించాను. ఉయ్యూరు దాటాం, పామర్రు దాటాం. దారంతా ఆ నీడ అలాగే ఉంది. అక్క కారునే చూస్తూ కూర్చుంది. ఇటు అద్దం వంకరగా ఉందంది. ఉంది. తుడిచే బ్లేడు చివర చిన్న ఆకు ఇరుక్కుందంది. ఇరుక్కుంది.

కూచిపూడిలో ఒక వీధి చివర ఆపాను. ఏదో ఇంట్లో పిల్లలు సాధన చేస్తున్నారు. కర్రతో తాళం, దానికి సరిగ్గా గజ్జెల చప్పుడు. ఇంజను ఆపేశాను.

"ఆరిపోయిందిరా" అంది అక్క.

చీర మళ్ళీ తెల్లగా ఉంది.

ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. చెవి రిక్కించి ఆ గజ్జెలు వింటూ, "ఆదివారం ఇప్పటికొచ్చింది డాక్టరు గారూ" అంది, ఎదురుగా ఎవరో ఉన్నట్టు. తర్వాత ఆటలోని పాటేదో తెలిసినట్టు తలూపుతూ కూర్చుంది. తిరుగుదారిలో మళ్ళీ ఏమీ కనబడలేదు. బాగా అలిసిపోయి నిద్రపోయింది.

కంటి డాక్టరుకి చెప్పాను. చూపు పోయినవాళ్ళకి ఒక్కోసారి మనసే బొమ్మలు గీసి చూపిస్తుందండీ, అది జబ్బులో భాగమే అన్నాడు. ఒప్పుకున్నాను. పసుపు రంగు ఆవిడ మనసులోదే కావచ్చు. మరి కొంగ రెట్ట అని అడిగితే, ఊరికే తల గోక్కున్నాడు. చీర మీద నీడ సంగతి ఆయనకి చెప్పలేదు, నా కళ్ళకి కూడా పరీక్షలు రాస్తాడని. ఖలీల్ భాయ్‌కి చెప్పాను. తలుపూ బానెట్టూ అంగుళం అంగుళం చూసి, "నేనేసిన రంగులో పసుపు చుక్క కూడా లేదన్నా" అని ప్రమాణం చేశాడు. ఆ రోజు ఫోన్లో తీసిన ఫొటోలున్నాయి. అన్నింట్లోనూ కారు ఆకుపచ్చే, చీర తెలుపే.

అయినా తప్పు తప్పే కదా. పసుపు వేయిద్దామని భాయ్‌తో చెప్పి రంగు కూడా కలిపించాను. ఆ సంగతి అక్కతో అంటే ఒప్పుకోలేదు.

"నువ్వేం రంగెయ్యమన్నావు ఆయన్ని?"

"పచ్చ వెయ్యమన్నాను."

"నాకేం రంగు కనబడింది?"

"పచ్చ."

"మరింకేం! నా కోసం పచ్చ వేశావు, నాకు పచ్చే కనబడింది. ఇప్పుడు దాన్ని గీకేసి నా చూపు పోగొడతావా?"

కలిపిన రంగు డబ్బా అలాగే షెడ్డులో ఉంది. పాత కార్ల వాళ్ళు కలిసినప్పుడు ఎవరో ఒకరు, ఈ మోడల్ మన వైపుకి పసుపులో వచ్చిందని విన్నామే అంటారు. అవునండీ అంటాను. ఆ వంతెన మీద ఏం జరిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. బ్యాటరీ చూశాను, వైర్లు చూశాను.

ఆదివారాలు అక్కని ఎక్కించుకుని గట్టు మీదకి వెళ్తాను. తెల్లచీరే కడుతుంది. వంతెన దగ్గర కారు నెమ్మది చేసి అడుగుతాను, ఏ రంగక్కా అని.

"పచ్చ" అంటుంది.

ఏ పచ్చ అని నేను అడగను.